మచ్చు చూసే మనవరాలు

భద్రాచలం

తాతయ్య గారికి,

పద్మప్రియ కోపంగా నమస్కరించి రాయునది.

మొన్న చిన్నత్త గృహప్రవేశంలో మీరు నన్ను నలుగురికీ ఎలా పరిచయం చేశారో గుర్తుందా? "మా మనవరాలు ఎముకల దవాఖానాలో ఫొటోలు తీస్తది" అన్నారు. వెంటనే ఒకావిడ తన మనవడి పుట్టినరోజుకు రమ్మని పిలిచింది. ఆల్బమ్‌కి ఎంత తీసుకుంటానో కనుక్కుంది. డిగ్రీ పట్టా చేతికొచ్చిన దగ్గర్నుంచీ మన ఇంట్లో నేను ఏం చేస్తానో తెలిసిన మనిషి ఒక్కరు కూడా లేరు.

నేను రేడియోగ్రాఫర్‌ని తాతయ్యా. ఎక్స్‌రే గదిలోనే కాదు, ఆపరేషన్ థియేటర్లో కూడా నిలబడతాను. తొడ ఎముక విరిగిన మనిషికి డాక్టరు గారు చిన్న గాటు పెట్టి లోపలికి రాడ్ పంపిస్తారు. అది లోపల ఎటు పోతోందో మామూలు కంటికి కనబడదు. బల్ల చుట్టూ కాడిలా వంగి ఉండే సీ-ఆర్మ్ అనే యంత్రంతో నేను తెర మీద చూపిస్తేనే ఆయన చెయ్యి ముందుకు కదులుతుంది. కిరణాలు తగలకుండా అంతసేపూ సీసపు కోటు మోస్తూ నిలబడతాను.

ఇప్పుడు నాకు థియేటర్లో పర్మనెంటు పోస్టు ఇస్తామంటున్నారు. గుండె రక్తనాళాల్ని ఇలాగే తెర మీద చూపిస్తూ వైద్యం చేసే ల్యాబ్ ఖమ్మంలో ఉంది, అక్కడ శిక్షణ కూడా ఇప్పిస్తారట. నెలాఖరులోగా మాట చెప్పాలి. అమ్మను అడిగితే నాన్నను అడగమంది. నాన్నను అడిగితే మిమ్మల్ని అడగమన్నారు. మీరేమో సత్తుపల్లి సంబంధం అంటున్నారు. వాళ్ళ స్కానింగ్ సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చుని చీటీలు చింపడం నాకు ఇష్టం లేదు.

ఫోన్లో అయితే మధ్యలో కట్ చేస్తానని కదా మీరు ఉత్తరమే రాయమంటారు. రాశాను. పర్ణశాల బస్సు డ్రైవరు రామ్‌చందర్ గారి చేతికి ఇస్తున్నాను.

మీ మనవరాలు, ఫొటోగ్రాఫర్ కానిది,
పద్మప్రియ

తా.క.: ఆ పుట్టినరోజుకు నేను వెళ్ళడం లేదు. నేను ఏ రంగు చీర కట్టుకు రావాలో కూడా ఆవిడ చెప్పింది.

*

చిరంజీవి పద్మప్రియకు తాతయ్య ఆశీస్సులు.

మిరప చేనికి తామర పురుగు పట్టింది. అది తప్ప ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఇన్నాళ్ళూ నిన్ను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. నీది మచ్చు చూసే పని. ఖమ్మం మిర్చి యార్డులో బస్తా మొత్తం విప్పరు. పక్కన చిన్న గాటు పెట్టి, గుప్పెడు కాయ బయటికి లాగి, మంచి తేజా రకమో పనికిరాని తాలో ఒక్క మాటలో చెప్తారు. ఆ మాటకు ఎదురు లేదు. అంతటి ఉద్యోగం అని ముందే చెప్తే నలుగురిలో తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాదు గదా.

పాలకేంద్రం దగ్గర ఈ సంగతి చెప్పాను. గొర్రెల జంపయ్య విని, "అవ్ అయ్యా, మీ పిల్ల విప్పకుంటనే లోపటిది సూసి రకం చెప్తదా? గట్లయితే నా పొట్టేలును తోలుకపోత, నాలుగు దినాల్సంది కుంటుతాంది" అన్నాడు. చీటీ రాసిచ్చాను. పనిలో పనిగా మన బోరు మోటారు కూడా బస్సులో వేస్తున్నాను. మెకానిక్ విప్పితే మళ్ళీ బిగించడు. నువ్వు విప్పకుండా చూసి చెప్పు.

ఇక సత్తుపల్లి. ఆ పని అక్కడ నీడపట్టున కూర్చుని కూడా చేసుకోవచ్చు. కోటు బరువు తప్పుతుంది. ఆలోచించు.

నీ మేలు కోరే తాతయ్య,
వెంకటప్పయ్య
(పాల సంఘం మాజీ అధ్యక్షుడు)

తా.క.: ఆ సీసపు కోటును బీరువాలో పెట్టి తాళం వేసుకోమని మీ నాయనమ్మ ఆదెమ్మ చెప్తోంది. పాత ఇనుము కొనేవాళ్ళు ఊళ్ళో తిరుగుతున్నారట.

*

తాతయ్యా, నమస్కారాలు.

జంపయ్య మామ వచ్చాడు. పొట్టేలూ వచ్చింది. దాని పేరు మీద ఓపీ చీటీ తీయబోయాడు. రిసెప్షన్‌లో ఉండే దుర్గ తల ఎత్తకుండా "పేషెంట్ వయసెంత?" అంటే, గొర్రెల లెక్కన నోట్లో పళ్ళను బట్టి "రెండు పండ్లది" అన్నాడట. రెండు అని రాసి పిల్లల డాక్టరు దగ్గరికి పంపింది. ఈలోగా పేషెంటు వెయిటింగ్ హాల్లో పూలకుండీ ఖాళీ చేసింది. మీ మోటారు నా బల్ల కింద ఉంది, కాళ్ళు పెట్టుకోవడానికి వీల్లేదు.

ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. నేను రకం చెప్పను. బాగుంది, బాగాలేదు అని తేల్చడం నా పని కాదు. డాక్టరు గారికి కావలసింది కావలసిన కోణంలో స్పష్టంగా చూపించడం నా పని. ఎదురుగా చూస్తే ఎముక మధ్యలో ఉన్నట్టు కనబడే రాడ్, పక్క నుంచి చూస్తే ఎముక బయటే ఉండొచ్చు. అందుకని యంత్రాన్ని తిప్పాలి. మీట నొక్కేముందు "ఎక్స్‌రే" అని గట్టిగా చెప్పాలి, అందరూ వెనక్కి జరగాలి. అక్కర్లేకుండా ఒక్కసారి కూడా నొక్కకూడదు. డాక్టరు చీటీ లేనిదే నేను మనిషిని చూడను. చీటీ ఉన్నా పొట్టేలును చూడను. మోటారును అసలు చూడను.

నేను అడిగింది ఉద్యోగం గురించి. దానికి జవాబు రాయండి.

మీ పద్మప్రియ

తా.క.: మా డాక్టరు గారు జాలిపడి పొట్టేలు కాలెత్తి చూసి, గిట్టలోంచి ముల్లు లాగారు. జంపయ్య మామ ఆ గొప్పంతా నాకే కట్టబెట్టి వెళ్ళాడు. దయచేసి అతన్ని ఊళ్ళో మాట్లాడనివ్వకండి.

*

చిరంజీవి పద్మప్రియకు,

ఆలస్యమైంది. మాట్లాడేశాడు. "పిల్ల సూడనే లేదు, సూడకుంటనే ముల్లు ఎల్లింది" అని సంతలో చెప్తున్నాడు.

అది విని మన ఊరి దూలయ్య నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ పిల్లకు ఒక సంబంధం వచ్చిందట. "పెద్దయ్యా, పిలగాన్ని ఓసారి మీ పద్మమ్మ కాడికి తోల్తె ఏమన్న తప్పా? లోపట ఏముందో ఏంది మనకెట్ల ఎరుక?" అన్నాడు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. అంత చిన్న మాట నాకెందుకు తట్టలేదు? పిల్లను చూసుకోవడానికి మగపెళ్ళివారు కారు నిండా వచ్చి నడిపించి, మాట్లాడించి, వంట చేయించి వెళ్తారు. మనం మాత్రం బస్తా కుట్టు కూడా విప్పకుండా పిల్లవాణ్ణి ఒప్పుకుంటున్నాం.

అందుకని సత్తుపల్లి నాగచైతన్యను నీ దగ్గరికి పంపుతున్నాను. మణికట్టు నొప్పి అని చెప్పుకోమన్నాను. డాక్టరు చీటీ ఉండాలన్నావు కాబట్టి అది కూడా రాయించాను. మన దగ్గర ఉన్నది పశువుల డాక్టరే. ఆయన సంతకమూ సంతకమే కదా.

తేజానో తాలో ఒక్క ముక్క రాయి. ఉద్యోగం సంగతి ఆ తర్వాత.

ఆశీస్సులతో,
వెంకటప్పయ్య

తా.క.: గుండె దగ్గర కాస్త ఎక్కువసేపు చూడమని మీ నాయనమ్మ చెప్పింది. మా పెళ్ళినాటికి ఈ యంత్రం రాలేదని ఇవాళంతా విచారిస్తోంది. ఎందుకో అడిగితే చెప్పడం లేదు.

*

తాతయ్యా,

నాగచైతన్య గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పశువుల ఆసుపత్రి చీటీ. 'జాతి' అన్న చోట 'సత్తుపల్లి' అని రాసి ఉంది. 'మేత' అన్న చోట 'బాగానే తింటున్నాడు' అని ఉంది.

ఈ చీటీ మీద ఏమీ తీయనని చెప్పి, తలుపు బయట కుర్చీలో కూర్చోమన్నాను. లోపల ఒక పెద్దాయనకు ఛాతీ ఎక్స్‌రే. ఆయనకు చెవుడు, అందుకని "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి" అని అరిచాను. తీశాక దగ్గరికి వెళ్ళి వదలమని భుజం తట్టాను. బయటికి వచ్చి చూద్దును కదా, నాగచైతన్య గారు ముఖం కందగడ్డలా చేసుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉన్నారు. దుర్గ వీపు మీద ఒక్కటి చరిస్తే వదిలారు. "మీరు వదలమనలేదు కదండీ" అన్నారు.

మంచినీళ్ళిచ్చి, పెళ్ళయ్యాక నేను థియేటర్లో పని చేస్తే మీకెలా ఉంటుందని అడిగాను. "మా అమ్మ మీ కోసం కౌంటర్లోకి కుర్చీ కొనేసిందండీ, గిర్రున తిరిగేది" అన్నారు. మీకెలా ఉంటుందని మళ్ళీ అడిగాను. అమ్మను అడిగి చెప్తానన్నారు. మంచి మనిషే తాతయ్యా. నాకే ఆ కుర్చీ వద్దు.

నెలాఖరు వచ్చేసింది. మీ మాట ఏమిటి?

పద్మప్రియ

తా.క.: నాయనమ్మకు చెప్పండి. ఎక్స్‌రేలో మంచితనం కనబడదు. గ్యాస్ కనబడుతుంది.

*

చిరంజీవి పద్మప్రియకు శుభాకాంక్షలు.

నీ ఉత్తరం పాలకేంద్రం దగ్గర చదివి వినిపించాను. తలుపు అవతల కూర్చున్న మగపిల్లవాడు, తనతో అనని మాటకు కూడా, నువ్వు వదలమనేదాకా ఊపిరి బిగబట్టాడు. మీ నాయనమ్మ పెళ్ళయిన నాటి నుంచి చెప్తున్నా నేను గొళ్ళెం వేయడం నేర్చుకోలేదు. ఇది తేజా కాదు తల్లీ. తేజాలో ఎగుమతి రకం.

సంబంధం ఖాయం చేశాను. వచ్చే నెలలో ముహూర్తం.

నువ్వు ఉద్యోగం గురించి పదే పదే ఎందుకు అడుగుతున్నావో కూడా గ్రహించాను. మానేస్తానని పెద్ద డాక్టరుతో చెప్పడానికి నీకు మొహమాటం. నువ్వేం దిగులుపడకు. సోమవారం బస్సుకు నేనే వచ్చి చెప్తాను. ఆయనకు మన తోటలో పెద్ద పనసకాయ తెస్తున్నాను. మనిషిని మాన్పించడానికి ఉత్తి చేతులతో పోవడం మర్యాద కాదు.

నీ మొహమాటం తెలిసిన తాతయ్య,
వెంకటప్పయ్య

తా.క.: దూలయ్యకు కాబోయే అల్లుడు వాగులో మునిగి ఊపిరి సాధన చేస్తున్నాడు. పిల్లవాడు పట్టుదల గలవాడే.

*

నీ దవాఖానా, మేడ మీద వార్డు

చిరంజీవి పద్మప్రియకు,

నువ్వు కింద గదిలోనే ఉన్నావని తెలుసు. పిలిస్తే వస్తావు. కానీ ఇది ముఖం చూసి చెప్పే సంగతి కాదు. దుర్గ చేతికి ఇస్తున్నాను.

పనసకాయ అడ్డమై బస్సు మెట్టు కనబడలేదు. తుంటి విరిగింది. కాయకు గీత కూడా పడలేదు. స్ట్రెచర్ మీద కూడా కనబడ్డ ప్రతి తెల్లకోటుకూ "మా పిల్ల మానేస్తోంది" అని చెప్పాను. ఇంతలో ఎవరో నొప్పికి సూది వేశారు. ఆ తర్వాత ఎవరికి ఏం చెప్పానో తెలియదు. పక్క మంచం భద్రు మాత్రం, "అయ్యా, నాకు రెండెకరాల మిరప రాసిస్తనంటివి, యాదికున్నదా?" అని అడుగుతున్నాడు.

ఆపరేషన్‌లో నడుము కింద మొద్దుబారింది గానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. ముఖానికి అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. ఏమీ కనబడదు. "ఎక్స్‌రే" అని నీ గొంతు. అందరి అడుగులూ వెనక్కి. డాక్టరు "బాగుంది పద్మా, పక్క నుంచి చూపించు" అన్నారు. యంత్రం తిరిగిన చప్పుడు. నువ్వు "స్పష్టంగా రాలేదు సార్, కాస్త ఆగండి" అన్నావు. ఆగారు. గదిలో అందరూ ఆగారు. మళ్ళీ "ఎక్స్‌రే". తర్వాత పళ్ళెంలో ఏదో పనిముట్టు పెట్టిన చప్పుడు. అప్పుడు నాకు భయమేసింది తల్లీ, నిజం చెప్తున్నాను. "అదుగో, బయటికి పోతోంది. తీసి మళ్ళీ పెడదాం" అన్నారాయన. మళ్ళీ పెట్టారు. మళ్ళీ నువ్వు చూపించావు.

నాకిప్పుడు అర్థమైంది. నువ్వు మచ్చు చూసేదానివి కాదు. నువ్వు యార్డు సెక్రటరీవి. నువ్వు అంటే ఆగుతారు, నువ్వు అంటే జరుగుతారు. ఈ ఉద్యోగంలో చేరడానికి నేను అనుమతి ఇస్తున్నాను. ముహూర్తం రద్దు.

నీ పేషెంటు,
వెంకటప్పయ్య

తా.క.: ఆ డాక్టరు నువ్వు చెప్పేదాకా చెయ్యి కదపలేదు. గొంతు కూడా కుర్రగా ఉంది. వాళ్ళది ఏ ఊరు? పెళ్ళయిందా?

*

తాతయ్యకి, కింద గది నుంచి.

ఆయనకు పెళ్ళయింది. కూతురు నాకంటే పెద్దది. పచ్చగుడ్డ అడ్డం ఉంది కాబట్టి ఈసారికి ఏమీ అనను. పనసకాయ వాళ్ళింటికి చేరింది. దేనికి పంపారని అడిగితే తోటలో కాసిందని చెప్పాను.

నేను సెక్రటరీని కూడా కాను. తెర మీద కనబడుతున్నది మీ ఎముక అని తెలిసి పెదవులతోనే రామనామం చదువుకున్నాను. నోటికి మాస్కు ఉంటుంది కాబట్టి ఎవరూ చూడలేదు. నాయనమ్మ తలుపు బయట నిలబడి ఉందని తెలుసు. బాగా జరిగిందని చెప్తే "ఇంకా ఏమన్నా కనబడిందా?" అని అడిగింది. లేదన్నాను.

నాగచైతన్య గారికి నేనే ఫోన్ చేసి ఈ పెళ్ళి కుదరదని చెప్పాను. "థాంక్సండీ" అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

ఇక మీ అనుమతి సంగతి. మీకు మొదటి ఉత్తరం రాసిన రోజు బస్టాండుకు వెళ్ళి దాన్ని రామ్‌చందర్ గారికి ఇచ్చాను. తిరిగొచ్చి నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళి సంతకం పెట్టాను. ఆ తర్వాత మీరు రాసిన ఉత్తరాలన్నీ, ఆ పొట్టేలు, ఆ మోటారు, ఆ పెళ్ళికొడుకు, అన్నీ ఉద్యోగంలో చేరిపోయిన మనిషి దగ్గరికే వచ్చాయి. చేరాను కాబట్టే మీ ఆపరేషన్‌కి ఆ గదిలో ఉన్నాను. మరి ఊరికే ఎందుకు అడుగుతూ వచ్చావంటారేమో. మీరు సరే అంటే బాగుంటుందని. సరే అన్నారు. బాగుంది.

పద్మప్రియ

తా.క.: గురువారం ఖమ్మం వెళ్తున్నాను, గుండె ల్యాబ్‌లో శిక్షణకు. మీ కుట్లు విప్పే రోజు నేను ఇక్కడ ఉండను. శిక్షణ అయ్యాక వచ్చి ఈ థియేటర్లోనే పని చేస్తాను.