సుక్కను ఇడిసిపెట్టిన

తిరుమలగిరి,
ఆగస్టు 1992.

నా ఖమరుకు,

నువ్వు నవ్వినా సరే, ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ఆలేరు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లోనే నాకు అనుమానాల పుట్ట అని పేరు పెట్టావు. ఇప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పే టీచరమ్మనైనా ఆ పుట్ట అలాగే ఉంది, కాస్త పెరిగింది కూడా. ఈసారి అనుమానం మా పుష్ప బాపు మీద. మొగుడి పేరు నోటితో అనకూడదు గానీ కాగితం మీద రాస్తే ఏం కాదులే. ఐలేశం మీద.

మస్కట్‌లో గొర్రెలు కాసే పని అని మీ మెహమూద్ అన్నే కదా వీసా ఇప్పించింది. కురుమల ఇంట పుట్టి, నడక వచ్చినప్పటి నుంచీ మంద వెనకే తిరిగినవాడు కదా అని నేనూ సరేనన్నాను. మొన్న వచ్చిన ఉత్తరం చూస్తే గొర్రెలు లేవు, సముద్రం ఉంది! సేటు మందను అమ్మేశాడట. అదే సేటుకు పెద్ద మోటారు పడవ ఉందట. పరదేశపు దొరలను అందులో ఎక్కించుకుని, ఒడ్డు కనపడనంత దూరం పోయి, పెద్ద పెద్ద చేపలు ఎక్కడ తిరుగుతాయో చూపించి వేటాడిస్తారట. మా ఆయన ఇప్పుడు ఆ పడవ మీద పనివాడట. మోటబావిలో దిగాలంటే నడుముకు తాడు కట్టుకునే మనిషి, ఖమర్!

ఆయన రాసింది రాసినట్టు నీకు దించుతున్నాను.

"సుక్కా, పడవ ఎనుక ఒక కుర్చీ ఉంటది. దొరను దాంట్ల కూసోబెట్టి బెల్టుతోటి కడ్తం. గాలానికి రబ్బరు చేపలు కట్టి నీళ్ళల్ల ఈడ్సుకుంట పోతం. పక్షులు యాడ గుంపు కడితే గాడ చేపలున్నట్టు. జీవం పడ్డదంటే గిరక గిర్రున తిరుగుతది. దొర గంటసేపు కొట్లాడుతడు. అది గాలిలకు ఎగిరి తోక మీద నడుస్తది. పడవ కాడికి వచ్చినంక దాని ముక్కు పట్టుకునేది నేనే. జీవాన్ని నొప్పి గాకుంట పట్టే చేతులు కావాల్నని నన్ను పెట్టుకున్నరు. పట్టినంక మల్ల నీళ్ళల్ల ఇడిసిపెడ్తం."

చదివావా? డబ్బు పోసి, దేశాలు దాటి వచ్చి, కుర్చీకి కట్టించుకుని, చెమటలు కక్కి, మనిషంత చేపను పట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట! కూర వండుకోరట, అమ్ముకోరట. మా ఊరి చెరువులో వేలెడంత పరక చేప దొరికినా సంచిలో వేసుకుని ఇంటికి పరుగెత్తేవాళ్ళనే చూశాను నేను. అబద్ధం చెప్పేవాడు అతికేటట్టు చెప్పాలి కదా.

దానికి తోడు ఒక ఫోటో. నీలం రంగు చేప, శూలం లాంటి ముక్కు, వీపు మీద గొడుగులా విప్పుకున్న రెక్క. దాని మీద చెయ్యి వేసి మా ఆయన పళ్ళికిలించాడు. ఆలేరు స్టూడియోలో మనిద్దరం అట్టకారులో కూర్చుని ఫోటో దిగాం, గుర్తుందా? ఇదీ అట్టచేపే అని నా నమ్మకం. పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడిన తెల్లామె మాత్రం అట్టది కాదు. దొరసాని అట, వేటకు వచ్చిందట.

మా అన్న చెన్నయ్య ఫోటో చూడగానే తేల్చేశాడు. "చేపలు లేవు, గీపలు లేవు. పడవల మీద బంగారం దాటిస్తాండు. లేకుంటే ఆమెతోటి కాపురం పెట్టిండు. రెండిట్ల ఏదో ఒకటి." మా అత్త నర్సింగమ్మకు చీమ కుట్టినట్టు కూడా లేదు. "జీవాలు జీవాలే, నీళ్ళల్ల ఉంటె ఏంది, గట్టు మీద ఉంటె ఏంది" అంటూ మందను తోలుకుపోయింది. ఆమెకు తెలిసే దాస్తోందని ఇంకో అనుమానం.

ఉత్తరమంతటిలో నేను నమ్మింది చివరి మాట ఒక్కటే. "నేను మంచిగున్న, ఫికర్ చెయ్యకు." ఉండడా మరి! అన్ని ఉత్తరాల్లోనూ అదే మాట.

మెహమూద్ అన్న సెలవు మీద వచ్చాడని విన్నాను. నిజం అడుగు. మాట కాదు, చెబుతున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో చూసి రాయి.

నీ పుట్ట,
సుక్కమ్మ

*

తిరుమలగిరి,
సెప్టెంబరు.

ఖమర్,

నీ జవాబు అందింది. పెద్ద చేపల వేట నిజమేననీ, దొరలకు అదొక షోకు అనీ, చేప చావకుండా వదిలేస్తేనే వాళ్ళలో గొప్ప అనీ మెహమూద్ అన్న చెప్పాడని రాశావు. ముఖం మామూలుగానే ఉందనీ రాశావు. మామూలుగా ఉండే ముఖాలంటేనే నాకు భయం. అయినా ఇక ఆ చర్చ అక్కర్లేదు. అంతా తెలిసిపోయింది.

మహబూబ్‌నగర్ వైపు మనిషి ఒకతను సెలవుకు వస్తూ ఒక క్యాసెట్టు తెచ్చి ఇచ్చాడు. పోస్టులో వెయ్యొద్దు, నా చేతికే ఇవ్వాలని మా ఆయన ఒట్టు పెట్టించుకున్నాడట. నా చేతికే ఎందుకో అప్పుడే ఆలోచించాల్సింది. టేపురికార్డరు మా అన్న ఇంట్లోనే ఉంది కాబట్టి అక్కడికి పోయాను. మొదట అంతా మామూలే. పుష్ప బడికి పోతోందా, అవ్వ మోకాళ్ళు ఎట్లున్నాయి, వానలు పడ్డాయా, నేను మంచిగున్న. ఆ గొంతు విని రెండేళ్ళయింది, ఖమర్. ఎంత కోపం ఉన్నా నా కొంగు తడిసింది. నీ దగ్గర దాచడం ఎందుకు.

మాటలు అయిపోయాయి. మిషను ఆపడం మరచిపోయాడు కాబోలు, గాలి చప్పుడూ నీళ్ళ చప్పుడూ వస్తూనే ఉన్నాయి. అంతలో ఇంకో మగగొంతు. "ఐలేశం భయ్, ఇంటికి అన్ని చెప్పినవా?" అని. లతీఫ్ అని పడవ మీద వంట చేసే మనిషట, మన పాలమూరాయనే అని క్యాసెట్టు తెచ్చినతను చెప్పాడు. మా ఆయన నవ్వాడు. ఆ తర్వాత అన్నాడు:

"అసలు ముచ్చట చెప్పలే లతీఫ్ భయ్. ఇయ్యాల పొద్దుగాల సుక్కను ఇడిసిపెట్టిన. ఇడిసిపెట్టినంక మనసు మస్తు హల్కగ ఐంది."

మా అన్న టక్కున మీట నొక్కి ఆపేశాడు. వదిన చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

మా దిక్కున ఆ మాటకు ఇంకో అర్థం లేదు. ఫలానావాడు పెండ్లాన్ని ఇడిసిపెట్టిండు అంటే ఆ కాపురం తెగిందనే. అది కూడా ఎలా అన్నాడు? బస్సు దిగి సంచీ కింద పెట్టినవాడిలాగ. మనసు తేలికైందట! నాతో మాట్లాడిన మాటలన్నీ పైపై మాటలు, అసలు మాట లతీఫ్‌తో. నల్లకళ్ళద్దాలామె అట్టది కాదని నేను మొదటే అన్నాను.

అన్న క్యాసెట్టు తీసి జేబులో వేసుకున్నాడు. "ఇది నా కాడ్నే ఉంటది. నలుగురి ముంగట ఇనిపిస్త. ఆడు ఇడుపు ఇచ్చుడేంది, మనమే తెంపుకుందాం" అన్నాడు. వచ్చే అంగడినాడు బీరప్ప గుడి ముందు కులపంచాతి. నేనూ ఒప్పుకున్నాను. ఆయన తేలిక చేసుకున్న చోట నేనెందుకు బరువుగా వేలాడాలి? పుష్పను తీసుకుని మా అన్న ఇంటికి వెళ్ళిపోతాను. జీతం చిన్నదే అయినా నాదే.

అత్తకు చెబితే ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "మా పోరడు గట్ల అనడు. నేను గూడ వస్త, నేను గూడ ఇంట" అంది. రానీ.

నువ్వేం చేశావని కాదు గానీ, ఆ వీసా మీ ఇంటి నుంచే వచ్చింది. కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకు.

సుక్కమ్మ

*

తిరుమలగిరి,
అంగడి మర్నాడు.

నా ఖమరుకు,

రాయొద్దన్నది నేనే, మళ్ళీ రాస్తున్నదీ నేనే. తిట్టాలనుకుంటే ఈ కాగితం చివరిదాకా చదివి తిట్టు.

నిన్న గుడి ముందు మా కులపెద్ద గుర్వయ్య తాత, ఇంకా పదిమంది పెద్దమనుషులు గొంగళ్ళు పరచుకుని కూర్చున్నారు. అన్న తెల్లకాగితాలూ పెన్నూ తెచ్చి పెట్టుకున్నాడు, మా తెగతెంపులు రాయడానికి. మధ్యలో టేపురికార్డరు. క్యాసెట్టు మొదటి నుంచీ తిప్పారు. ఆ మాట వచ్చింది. "సుక్కను ఇడిసిపెట్టిన." అందరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. అన్న మీట మీద చెయ్యి వేయబోతే అత్త గట్టిగా కసిరింది. "ఎందుకు ఆపుతవు? నా కొడుకు ఇంక మాట్లాడుతాండు గద!"

టేపు నడిచింది. లతీఫ్ గొంతు: "గుర్తేసినవా మరి?"

"ఏసిన. ఈపు మీద, రెక్క కాడ."

అప్పుడు మా అత్త లేచి నిలబడింది. "ఓ పెద్దమనుషులూ, పెండ్లాం ఈపు మీద ఎవడన్న గుర్తేస్తడా? జీవానికి ఏస్తరు గని! నుదుట మచ్చ ఉన్న జీవాన్ని మనం ఏమని పిలుస్తం?"

ఖమర్, ఆ మాటతో నాకు తల తీసేసినట్టైంది. మచ్చ ఉన్న గొర్రెను మా ఇళ్ళల్లో సుక్క అనే అంటారు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆయన మందలో "సుక్కా" అని కేకేస్తే నేనూ గొర్రే ఇద్దరం తల తిప్పేవాళ్ళం, ఊరంతా నవ్వేది. అంత తెలిసిన దాన్ని నేను! చేపే లేదని నమ్మినదానికి, ఆ చేపకు నా పేరు ఉంటుందని ఎలా తడుతుంది?

టేపులో మా ఆయన చెబుతూనే ఉన్నాడు. "నుదుట తెల్ల మచ్చ ఉండె భయ్, గందుకే సుక్క అన్న. మల్ల ఏ దేశంల దొరికినా గుర్తు చూసి ఏడికెళ్ళి వచ్చిందో చెప్తరంట, మన గొర్ల చెవికోత లెక్కనే. కొట్లాడి కొట్లాడి సోలిపోయింది. ముక్కు పట్టుకొని పడవెంబడి నీళ్ళల్ల మెల్లగ నడిపించిన, ఊపిరి వచ్చేదాంక. తోక ఒక్కసారి కొట్టి పోయింది." పెద్దమనుషులంతా ఒకటే నవ్వు. గుర్వయ్య తాత అయితే నవ్వలేక దగ్గాడు. అన్న ముఖం చూడాల్సింది.

ఆ నవ్వులోనే ఆయన గొంతు మారింది. నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోయింది.

"దాన్ని ఇడిసిపెట్టిన్రు. నన్ను ఎవలు ఇడిసిపెడ్తరు లతీఫ్ భయ్? పాస్‌పోర్టు ఇయ్యి సేటూ, ఇంటికి పోత అంటె వచ్చే ఏడు అంటడు. పోయినేడు గూడ గదే అన్నడు. ఉత్తరంల రాద్దామంటె గుమస్తా చదివినంకనే పోస్టుల ఏస్తడు. దీంట్లనన్న చెప్దామనుకుంటి. సుక్క ఒక్కతే ఆడ ఏం చేస్తది, ఉత్తగ ఏడుస్తదని మంచిగున్న అని చెప్పిన."

తర్వాత వట్టి నీళ్ళ చప్పుడు. ఎవరో టేపు ఆపారు. మా అత్త అప్పుడు ఏడ్చింది, ఖమర్. కొడుకు దేశం దాటి పోయిన నాడు కూడా ఏడవని మనిషి.

నాకు మాత్రం ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అన్న ముందున్న తెల్లకాగితం లాక్కున్నాను, పెన్నూ లాక్కున్నాను. మా మనిషి పాస్‌పోర్టు సేటు పట్టుకున్నాడు, ఇప్పించి ఇంటికి పంపండి అని మస్కట్‌లోని మన దేశపు ఆఫీసుకు అర్జీ రాశాను. మా కాపురం తెంపడానికి వచ్చిన పెద్దమనుషులు అందరూ దాని కింద వేలిముద్రలు వేశారు. ఇంకో నకలు పట్టుకుని అన్న ఈ రోజు పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కాడు, అక్కడి సర్కారు ఆఫీసులో ఇవ్వడానికి.

మెహమూద్ అన్న వచ్చేవారం తిరిగి పోతున్నాడు కదా. ఈ అర్జీ, దీంతో పెట్టిన ఉత్తరం ఆయన చేతికి ఇవ్వు. నీ ముఖం చూడడానికి నాకు ముఖం లేదు, అయినా అంగడికి వచ్చినప్పుడు ఇంటికి రా. వస్తావా?

నీ
సుక్కమ్మ

*

మా పుష్ప బాపుకు,

ఈ ఉత్తరం గుమస్తా చేతికి పోదు, మెహమూద్ అన్న నీ చేతికే ఇస్తాడు. కాబట్టి భయపడకుండా చదువు.

మిషను ఆపడం మరచిపోయినందుకు నీకు దండం పెట్టాలి. నువ్వు చెప్పదలచుకోనిదంతా విన్నాం. నేను ఒక్కదాన్నే కాదు, బీరప్ప గుడి ముందు కులమంతా విన్నది. ఎందుకు విన్నదో ఇంటికి వచ్చాక చెబుతాను, నువ్వు నవ్వుతావో కొడతావో నాకు తెలియదు. అర్జీ మెహమూద్ అన్న దగ్గర ఉంది. ఆయనను వెంటబెట్టుకుని మన దేశపు ఆఫీసుకు పో. సేటు బెదిరిస్తే బెదరకు. లతీఫ్ అన్నను సాక్ష్యం పిలువు. ఇక్కడ నీ కోసం అవ్వ ఉంది, అన్న ఉన్నాడు, గుర్వయ్య తాత ఉన్నాడు, నేనున్నాను. నేను ఒక్కదాన్ని కాదు, ఏడుస్తూ కూర్చునేదాన్ని అంతకన్నా కాదు.

మంద బాగుంది. నీ మచ్చ గొర్రె ఈనింది. దాని పిల్లకు మచ్చ లేదని పుష్ప అలిగింది.

ఒక మాట చెప్పి ముగిస్తాను. నీ ఉత్తరాల్లో కుర్చీకి కట్టించుకునే దొరను నమ్మలేదు, తోక మీద నడిచే చేపను నమ్మలేదు, పట్టి వదిలేయడం అసలే నమ్మలేదు. అవన్నీ నిజాలట. నేను నమ్మింది ఒక్క ముక్క, అదొక్కటే అబద్ధం. అందుకని ఇకమీదట చేపలకు కాళ్ళు మొలిచాయని రాసినా నమ్ముతాను గానీ, నేను మంచిగున్న అని మాత్రం రాయకు. ఇక్కడికి వచ్చి, గడప ముందు నిలబడి చెప్పు. అప్పుడు కూడా ముఖం చూశాకే నమ్ముతాను.

గొర్రె కాదు, చేప కాదు,
నీ పెండ్లాం,
సుక్క