గొడుగాయన

ఫిబ్రవరి 8

ముందుగా క్షమించాలి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడాలో అక్కడ పడవు. మా ఊరి బడిలో అయిదో తరగతితో సరి. ఎవర్ని క్షమించమంటున్నానో నాకే తెలియదు. ఇది ఎవరూ చదివేది కాదు.

డైరీ పోయినేడాదిది. ఒక్క ముక్క రాయకుండా అంతా తెల్లగా మిగిలిపోయింది. వారాలు కొట్టేసి రాస్తున్నాను.

ఈవేళ అక్క ఉండే ముసలివాళ్ళ హోమ్‌లో నర్సమ్మ గేటు దగ్గరికి వచ్చి చెప్పింది. హోమ్ తెరుస్తున్నారట. వచ్చే వారం నుంచి లోపలికి పంపుతారట. అరగంట, మాస్క్ తప్పనిసరి. ఇంక రోడ్డు మీద గొడుగేసుకుని నిలబడక్కర్లేదు తాతా, దర్జాగా మీ అక్క పక్కన కుర్చీలో కూర్చో అని నవ్వింది. ఏదో అనాలనిపించింది. సరేనమ్మా అన్నాను.

ఫిబ్రవరి 9

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అమ్మ పనికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది. బక్కగా ఉండేవాడినని పిచుకా అని పిలిచేది. నాకు ముసలితనం వచ్చినా అదే పిలుపు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

లాక్‌డౌన్‌కి ముందు ఆదివారం ఆదివారం వెళ్ళేవాడిని. అప్పటికే మతిమరుపు మొదలైంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని మంచం కింద వెతికేది. నన్ను మాత్రం మర్చిపోలేదు.

తర్వాత గేట్లు మూసేశారు. హోమ్‌కి ఎదురుగానే టైలర్ షాపు. నేను అందులో కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను. అదీ మూతపడింది. సాయంత్రాలు ఆ షటర్ ముందు మెట్టు మీద నిలబడి ఎర్ర గొడుగు విప్పేవాడిని. మేడమీద కిటికీలోంచి అక్క కంటికి ఆనాలి కదా. ఆమె వేళ్ళన్నీ కలిపి నోటి దగ్గర పెట్టుకునేది. తిన్నావా అని. నేను పొట్ట నిమిరి చూపేవాడిని. మా మాటలన్నీ అవే.

దగ్గరగా కూర్చుని ఆమె చెయ్యి పట్టుకోవాలని ఎంత ఉండేదో. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 12

షాపుకి గిరాకీ వస్తోంది. అందరూ ప్యాంట్లు నడుము దగ్గర వదులు చేయమనేవాళ్ళే. ఇంట్లో కూర్చోబెట్టి మేపారు బాబాయ్, దేశమంతా ఒక సైజు పెరిగింది అన్నాడు టైలర్. నవ్వాడు గానీ కడుపుమంట పోలేదు. మూసేసిన నెలల్లో ఒక మెషిను అమ్ముకున్నాడు పాపం. అసలు ఇదంతా అవసరమా, వచ్చే జబ్బు తలుపేస్తే ఆగుతుందా, మన పొట్టలు కొట్టడానికి కాకపోతే అని అందుకున్నాడు.

అప్పుడే బ్యాంకులో పనిచేసే ఆవిడ వచ్చింది. భర్త చొక్కాలు కొడుక్కి సరిపోయేలా కత్తిరించమంది. ఒక్క నెల ముందే మూసుంటే బాగుండేదండీ అంది, చొక్కాలు మడతపెడుతూ. టైలర్ కత్తెర కోసం వెతుక్కున్నాడు. అది వాడి చేతిలోనే ఉంది.

నేను తలెత్తలేదు. గుండీలు కుట్టుకున్నాను.

ఫిబ్రవరి 15, సాయంత్రం

వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. గొడుగు ఇంట్లోనే వదిలేశాను, ఇంక దాంతో పనేముందని.

అక్క జుట్టు పొట్టిగా కత్తిరించారు. కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. నేను కూర్చుంటే నమస్కారం పెట్టింది. డాక్టరు గారా అని అడిగింది.

ఫిబ్రవరి 16

మాస్క్ వల్లే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 18

నర్సమ్మని బతిమాలి మాస్క్ తీశాను. అక్కా నేను పిచుకని అన్నాను. మంచి పేరు బాబూ అంది. చెయ్యి పట్టుకోనిచ్చింది. ఎముకల మీద కాగితం చుట్టినట్టుంది ఆ చెయ్యి. కానీ నా వైపు చూడదు. నా భుజం మీదుగా కిటికీలోకే చూపంతా. కాస్త పక్కకి జరగమంది, అడ్డొస్తున్నానట. గొడుగాయన వచ్చే వేళైంది, రెండు మూడు రోజులుగా రావట్లేదు, జ్వరమో ఏమో, వాడికి అన్నం పెట్టేవాళ్ళెవరూ లేరు అంది.

నేను జరిగాను.

బయటికొచ్చాక నర్సమ్మ అసలు సంగతి చెప్పింది. నేను రోడ్డు మీద నిలబడడం మానినప్పటి నుంచి రాత్రిపూట ముద్ద ముట్టట్లేదట. వాడు తిన్నాక తింటానంటోందట.

నేనెప్పుడూ గొంతు పెంచను. ఈవేళ పెంచాను. వారానికొకసారైనా దగ్గర కూర్చోనిచ్చుంటే ఈ ముఖం గుర్తుండేది కదమ్మా అన్నాను. నర్సమ్మకి కోపం రాలేదు. పక్కవీధి హోమ్‌లో చూడ్డానికి వచ్చినవాళ్ళని ఆపలేకపోయారు తాతా, అక్కడ సగం మంచాలు ఖాళీ అయ్యాయి, నేనూ నా పిల్లని ఎత్తుకోకుండా నెలలు గడిపాను అంది. కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

అనకుండా ఉండాల్సింది. అన్నాక ఆమె మాటా నిజమే అనిపించింది. నా మాటా అబద్ధం కాదు.

ఫిబ్రవరి 19

షాపు తెరిచే ఉంది. మెట్టెక్కాలంటే టైలర్ ఈ వారమే బయట వేలాడేసిన గుడ్డలు అడ్డం. అడగడానికి నాకు నోరు రాదు. గొడుగు పట్టుకుని అటూ ఇటూ తచ్చాడాను. వాడే చూసి, నీ రాచకార్యం కానియ్ బాబాయ్, నా గిరాకీ ఎక్కడికీ పోదులే అని గుడ్డలు తీసి లోపల వేశాడు.

విప్పాను. ఎండా లేదు, వానా లేదు. దారిన పోయేవాళ్ళు వింతగా చూశారు. అందరూ వెళ్ళిపోతున్న రోడ్డు మీద నేనొక్కడినే ఇంకా లాక్‌డౌన్‌లో ఉన్నట్టు అనిపించింది.

కిటికీలో అక్క లేచి నిలబడింది. వేళ్ళు కలిపి నోటి దగ్గర పెట్టుకుంది. నేను పొట్ట నిమిరాను. ఎంతసేపు నిమిరానో.

నర్సమ్మ కిందికి పరుగెత్తుకొచ్చింది. అక్క కంచం తెప్పించుకుందట. ఎవరమ్మా ఆయన అని అడిగితే, వాడా, వాడు నా పిచుక, తిన్నాడట అందట.

ఫిబ్రవరి 20

లోపలికి వెళ్ళే పాస్ తిరిగిచ్చేశాను. రోజూ మెట్టు మీదే.

ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే, హోమ్ గేట్లు అలా మూసేయడం అవసరమో కాదో ఒక ముక్క రాయండి. తొందరగా రాయండి. అక్కకి ఎనభై రెండు.