ఎవరి భుజానికి ఉప్పునీళ్ళు

ప్రియమైన బావమరిదికి,

పై అరలో పెట్టె అందుకోబోయి స్టూలు మీంచి పడ్డానని మీ అక్క ఫోన్లో చెప్పే ఉంటుంది. "ఊళ్ళోవాళ్ళందరికీ కళ్ళజోళ్ళు పెట్టే మనిషికి స్టూలు అంచు కనపడలేదు" అన్న ముక్క కూడా కలిపి ఉంటుంది. ఎడమ భుజంలో కండ తెగితే కుట్టారు. ఇంటికొచ్చాను. రాయడానికి కుడిచెయ్యి మిగిలింది కాబట్టి నీకు ఈ ఉత్తరం.

నీ రెండు భుజాల సంగతి నాకొక్కడికే చెప్పావు. ఫోన్లో మాట్లాడితే మీ అక్క చెవిన పడుతుంది, అందుకే రాస్తున్నాను. ఒరేయ్, ఇక ఆలస్యం చెయ్యకు, ఆపరేషను చేయించుకో. నొప్పికే కదా నీ భయం. ఆ నొప్పి మీదే ఈ ఆస్పత్రిలో పరిశోధన జరుగుతోంది. ఒప్పుకున్నవాళ్ళకు మెడ పక్కన సన్నని గొట్టం పెడతారు. కొందరికి అందులోంచి నొప్పి తెలియనివ్వని మందు చుక్కచుక్కగా పోతుంది, కొందరికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పోతోందో రోగికీ తెలియదు, నర్సుకూ తెలియదు, కోసిన డాక్టరుకూ తెలియదు. మామూలు మాత్రలు అందరికీ ఇస్తారు, చాలకపోతే అదనంగా అడగవచ్చు. రోజూ ఒక అమ్మాయి వచ్చి, నొప్పి సున్నా నుంచి పదిలోపు ఎంత అని అడిగి రాసుకుంటుంది.

ఎవరికీ తెలియదంటారు గానీ నాకు తెలుసు. నాకు పడింది అసలు మందే. నా అంకె మూడు దాటలేదు. పక్క మంచం ఆయన మూలుగుతూ ఉంటే నేను పేపరు చదువుకున్నాను. మీ ఊరి పెద్దాస్పత్రిలోనూ ఇదే పరిశోధన నడుస్తోందట. వెళ్ళి చేరిపో. జవాబు ఇంటికి కాదు, షాపుకు రాయి.

నీ మేలు కోరే
బావ

~

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు సూది చూస్తేనే కళ్ళు మూసుకునే మనిషివి, నీకే మూడు దాటలేదంటే ధైర్యం వచ్చింది.

పైకప్పులకు రంగులు వేసేవాడికి చెయ్యి పైకి లేవకపోతే గోడల కింది సగమే మిగులుతుంది. పోయిన వారం ఒక హాల్లో పని మధ్యలో బ్రష్షు చేతిలోంచి జారి, కింద నిలబడ్డ మేస్త్రీ బట్టతల మీద పడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మర్నాడే ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు చూసి, రెండూ కుట్టాల్సిందే అన్నాడు. ముందు కుడిది, అది కోలుకున్నాక ఎడమది. ఎడమది వదిలేస్తే ఏడాదిలో ఆ చెయ్యి భుజం పైకి లేవదట. ఒక్క చేత్తో నిచ్చెన మీద నిలబడి పైకప్పుకు రంగు వేసేవాణ్ణి నేనైతే చూడలేదు.

పరిశోధనలో చేరడానికి సంతకం పెట్టేశాను. అక్కకు మాత్రం చెప్పకు బావా. పసి మనవరాలితో, బాలింత కూతురితో దానికి ఊపిరాడటం లేదు. తెలిస్తే అన్నీ వదిలేసి రైలెక్కుతుంది. నా ఇంట్లో ఉండేది నేనూ నా నిచ్చెనా, మేం ఇద్దరం చూసుకుంటాం.

ఇట్లు
నీ బావమరిది

~

బావకు,

ప్రియమైన అని రాయడానికి ఈసారి మనసొప్పలేదు. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు, ఎడమచేత్తో రాస్తున్నాను.

నాకు పడింది ఉప్పునీళ్ళు. ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు. మొదటి రోజు ఎనిమిది, రెండో రోజూ ఎనిమిదే. భుజంలో ఎవరో స్క్రూ బిగిస్తున్నట్టే ఉంది. ఆ అమ్మాయి అంకె రాసుకుని, అదనంగా మాత్ర కావాలా అని అడిగింది. వద్దు, ఫర్వాలేదు అన్నాను. ఉప్పునీళ్ళవాడు ఉప్పునీళ్ళ నొప్పే చెప్పాలి కదా. మధ్యలో మాత్ర మింగి, మూడు అని చెప్తే వాళ్ళ పరిశోధన ఏం కావాలి? రేపు ఇంకెవడికో తప్పుడు వైద్యం జరిగితే ఆ పాపం నాది. అందుకని పళ్ళ బిగువున భరించాను.

నీకు మందు, నాకు నీళ్ళు. అదృష్టం కూడా అల్లుడికి ఒకలా, కొడుక్కి ఒకలా ఉంటుందేమో మన ఇంట్లో. ఎడమ భుజం సంగతి ఇక ఎత్తకు. నా వల్ల కాదు.

బావమరిది

~

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం షాపులో, ఒకావిడకు కళ్ళజోడు సరిచేస్తూ చదివాను. కుడి అద్దం ఎడమకూ, ఎడమది కుడికీ బిగించానట. ఆవిడ బయటికి వెళ్ళి, మెట్లు పక్కకు జరిగాయని తిరిగొచ్చింది.

నేను చెప్పిన మాట విని చేరావు, నీకు ఇలా అయింది. నాకు అన్నం సహించడం లేదు. మీ అక్క ఏమైందని అడుగుతుంటే అరగలేదని అబద్ధం చెప్తున్నాను. కానీ ఒక్క మాట ఆలోచించు. నీకు పడింది నీళ్ళే అయితే భయపడాల్సిందేముంది? ఒకసారి చేరినవాణ్ణి మళ్ళీ చేర్చుకోరట, కాబట్టి ఎడమ భుజానికి పరిశోధన లేదు, నేరుగా మందే ఇస్తారు. అప్పుడు నీదీ నా దారే. పరిశోధన ముగిశాక ఎవరికి ఏది పడిందో చెప్తామన్నారు. అంతవరకు వద్దు అన్న మాట అనకు. బతిమాలుకుంటున్నాను.

నీ
బావ

~

ప్రియమైన బావకు,

ఇన్ని నెలలు రాయనందుకు ఏమీ అనుకోకు. నువ్వన్నమాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఉన్నాను. నాకు పడింది నీళ్ళే, ఈసారి మందు పడుతుంది, ఇదొక్కటే నా ధైర్యం. కుడిచెయ్యి బాగా లేస్తోంది, ఎడమది రోజురోజుకూ దిగజారుతోంది. ఆపరేషనుకు వచ్చే నెల తేదీ కూడా అడుగుదామనుకున్నాను.

నిన్న ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. నాకు పడింది మందేనట.

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. మందు పడితే ఎనిమిది ఎలా వచ్చింది? నేను అబద్ధం చెప్పానా? నాకు నొప్పంటే ఏమిటో తెలియదా? నేను నీకంటే పిరికివాణ్ణని ఇంట్లో అందరూ అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి, నిజమేనేమో ఇప్పుడు. ఆ అమ్మాయికి చెప్పిన అంకెలన్నీ వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. నొప్పి మాత్రం నిజం బావా, ఒట్టు.

అసలు మందుతోనే అంత నొప్పి అయితే ఎడమ భుజానికి వాళ్ళిచ్చేదీ అదేగా. ఇక నేను వెళ్ళను. రేపు మేస్త్రీతో చెప్పి, గేట్లకూ కిటికీ చువ్వలకూ రంగు వేసే పని చూసుకుంటాను. చెయ్యి ఎత్తక్కర్లేని పని. పైకప్పులు వదిలేయాలంటే ఏడుపొస్తోంది, ఆ సంగతి నీకొక్కడికే చెప్తున్నాను. నీకు పడింది మందే కదా, రాయి.

ఇట్లు
నీ బావమరిది

~

ప్రియమైన బావమరిదికి,

నాకు పడింది ఉప్పునీళ్ళు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ ఆ మందు గురించి డప్పు కొట్టాను. షాపుకు తాళం వేసి నేరుగా ఆ పరిశోధన చేసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, మీ కంప్యూటరు మమ్మల్ని తారుమారు చేసిందన్నాను. నీ కథంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. అందరినీ కలిపి చూస్తే మందు పడ్డవాళ్ళకే నొప్పి తక్కువట. ఒక మనిషినీ ఇంకో మనిషినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదట. నీ గొట్టం కాస్త పక్కకు జరిగి ఉండవచ్చు, అలా జరిగితే మందు నరానికి అందదు, అంది. జరిగిందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

తరువాత నా కాగితాలు తీసి, "మీరు అదనంగా చాలా మాత్రలు అడిగి వేసుకున్నారండీ. అందుకే మీ అంకె మూడు దాటలేదు" అంది. నేను అడగలేదన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసింది. నువ్వు పరిశోధన చెడిపోతుందని మాత్ర వద్దన్న సంగతి చెప్తే తల పట్టుకుంది. "ఎవరు ఎన్ని మాత్రలు అడిగారన్నది కూడా మేం లెక్కపెట్టేదే. ఓర్చుకోమని మేం ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది అని చెప్పి ఫర్వాలేదంటే, అమ్మాయి ఫర్వాలేదనే రాసుకుంటుంది కదా" అంది. నువ్వు ఎవరి కోసం అంత ఓర్చుకున్నావో వాళ్ళకే అది పనికిరాలేదురా. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇంటికొచ్చి మీ అక్కనడిగాను, ఆస్పత్రిలో మాత్రలు ఎవరడిగారని. పాపకు నీళ్ళు పోస్తూ, "నేనే. మీరు పేపరు తలకిందులుగా పట్టుకుని పళ్ళు కొరుకుతుంటే చూస్తూ కూర్చోనా? నర్సు వచ్చినప్పుడల్లా, ఈయన చెప్పడు, నొప్పిగా ఉంది, మాత్రివ్వండి అని వెంటపడేదాన్ని" అంది. ఇప్పుడెందుకు అడుగుతున్నారంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ దగ్గర నేను దాచగలిగింది నీ భుజమొక్కటే. అదీ ఆ పూట దాగలేదు.

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పాపను తుడిచి నా చేతికిచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది. "వాడికి అడగడం రాదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, వాడు అడగకుండానే పెట్టింది మా అమ్మ. ఖాళీ కంచం వైపు చూసేవాడు, అంతే. అమ్మ పోయాక ఆ చూపు నాకే తెలుసు. వాణ్ణి ఒంటరిగా కత్తి కింద పడుకోబెట్టారు మీరు" అంది.

మందు గొప్పదా, నీళ్ళు గొప్పవా, నీ గొట్టం జరిగిందా లేదా, నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నువ్వు పిరికివాడివి కాదన్నది ఒక్కటే అర్థమైంది. నాకు అంత నొప్పి వచ్చి ఉంటే ఆస్పత్రి పైకప్పు లేచిపోయేది.

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు, మీ అక్క చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వూ రెండు ముక్కలు రాయమంటే, "రాయడం ఎందుకు, వెళ్ళే తిడతాను" అంది. షాపు మూసేశాను, పాపకు సీసాతో పాలు పట్టడం నేర్చుకున్నాను, ఇక్కడి సంగతి నీకక్కర్లేదు. తేదీ అడుగు. గేట్ల పని మేస్త్రీకి వద్దని చెప్పు. ఆస్పత్రిలో ఎవరైనా వచ్చి నొప్పి ఎంత అని అడిగితే అంకె నువ్వు చెప్పు. మిగతాది పక్కన కూర్చున్నావిడ చెప్తుంది.

నీ
బావ