బార్‌లో మన ఆఖరి ఆదివారం

అన్నయ్యా,

నీ చెల్లి సువార్తని. నువ్వు పోయి ఏడు నెలలైంది. ఎలా ఉన్నావని అడగను గానీ, ఇక్కడి సంగతులు చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు నాకు?

చర్చిలో నీ చోట పాస్టరుగారి అల్లుడు కీబోర్డు వాయిస్తున్నాడు. చచ్చు వాయింపు. నువ్వు పొద్దున్న అక్కడ ఆరాధన పాటలు వాయించి, మధ్యాహ్నానికి అదే కీబోర్డు బండికి కట్టి, నన్నెక్కించుకుని పాలకొల్లు రోడ్డులో బార్‌కి తీసుకెళ్ళేవాడివి కదా. దేవుడికీ తాగుబోతులకీ ఒకటే పెట్టెనా అని అమ్మ తిట్టేది.

బార్‌లో పాడటం నువ్వే నేర్పావు. "గొడవైతే పాట ఆపకూడదే. ఆపావంటే మిగతా బల్లలవాళ్ళు కూడా లేస్తారు. కళ్ళు మూసుకుని గొంతు పెంచు" అనేవాడివి. ఎన్ని సీసాలు పగిలాయో, ఎన్ని తలలు పగిలాయో... ఒక్కసారీ ఆపలేదు నేను.

ఆ రోజూ అంతే. ఆ రొయ్యల చెరువుల కాంట్రాక్టరు తన పాట మూడోసారి కావాలన్నాడు. పక్క బల్లవాళ్ళు వద్దన్నారు. "ఇది అయ్యాక వేస్తానండి బాబూ" అన్నావు. వాడు లేచి సీసా బల్లకేసి కొట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

నీ వేళ్ళు ఆగిపోవడం తెలిసింది. కానీ కీబోర్డులో నువ్వు పెట్టిన రిథమ్ దానంతటదే మోగుతోంది. సీసాలు తప్పించుకోవడానికి వంగావనుకున్నాను... కళ్ళు తెరిచేసరికి కీబోర్డు కింద పడి ఉన్నావు. మెడలోంచి నెత్తురు చిమ్ముతోంది. పగిలిన సీసా వాడి చేతిలోనే ఉంది. ఆ దిక్కుమాలిన రిథమ్ ఇంకా మోగుతూనే ఉంది.

మైకు స్టాండు పీకి వాడి మూతి మీద కొట్టాను. పళ్ళు రాలాయి. మళ్ళీ కొట్టాను. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు. చంపేసేదాన్నే అన్నయ్యా. చంపలేదనే ఇప్పటికీ నా ఏడుపు.

మొన్న వాడి మనుషులు ఇంటికొచ్చారు. కొట్టినందుకు నా మీద పెట్టిన కేసు తీసేస్తారట, నేను నోరు మూసుకోవాలట. కత్తిపీట ఎత్తాను. చెప్పులు వదిలేసి పరిగెత్తారు. నవ్వొస్తోందా నీకు?

రేపు కోర్టులో నా సాక్ష్యం. నువ్వే తాగి సీసా మీద పడ్డావని వాళ్ళ లాయరు వాదన. చుక్క ముట్టనివాడివి నువ్వు! పైగా, పొడిస్తే కేక వెయ్యడా, మరి ఒక్కరికీ ఎందుకు వినబడలేదు అని అడుగుతున్నాడట ఆ లాయరు.

నాకు వినబడింది. "సువార్తా" అన్నావు. గొంతు పెంచమంటున్నావనుకుని పెంచాను. ఇంకో చరణం మొత్తం పాడాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. ఆ చరణం పాడకపోతే బతికేవాడివా?

రేపు బోనెక్కి చెబుతాను. నువ్వు పిలిచావని, పిలిచినా నేను పాడుతూనే ఉన్నానని. అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. వాడికి శిక్ష పడాలంటే ముందు అమ్మ ఇది వినాలి.

నీ చెల్లి,
సువార్త