చౌడయ్య అటక మీది తల్లిపిల్లి

పటమట,
20 సెప్టెంబరు 1946.

చిరంజీవి భావనారాయణను అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, పిన్నీ, మన మగ్గమూ కులాసా. షోలాపూరులో నువ్వూ, కోడలూ, చంటిదీ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నా మోకాలి నొప్పి సంగతి అడిగావు, తగ్గింది. మొన్నటి వానలకు ఇల్లు కురవలేదు కాని, మగ్గం గుంటలో నీళ్లు ఊరితే రెండు రోజులు తోడాం. ఇక, "ఈ వయసులో పిల్లుల వెంట తిరగడమేమిటమ్మా, నలుగురూ నవ్వరూ?" అన్నావు. నవ్వారురా. మొన్న సోమవారం దాకా నవ్వారు! ఆ కబురు చెప్పే ఆత్రంలో పొయ్యి మీది అన్నం పిన్నికి అప్పగించి కూర్చున్నాను.

మా జట్టులో ముగ్గురం. చేపలమ్మే దానమ్మ తలకాయలు తెస్తుంది. ఆస్పత్రిలో మంత్రసాని శౌరమ్మగారు గాయాలకు మందు రాస్తారు. నేను పాత చీరలు చింపి పక్కలు వేస్తాను. ఈ ఏడాది పద్నాలుగు పిల్లుల్ని బతికించాం.

సోమవారం పొద్దున కాలువ పొంగి పల్లపు వీధిలోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. నాలుగో ఇంటి చౌడయ్య కుటుంబం చేతికందింది పట్టుకుని గట్టెక్కింది. చౌడయ్య సంగతి తెలుసుగా, పిల్లి ఎదురైతే వెనక్కి వెళ్లి మంచినీళ్లు తాగిగాని కదలడు. ఆయన ఖాళీ ఇంటి అటక మీంచే కూనల అరుపులు! గోడ నాని అప్పటికే ఉబ్బింది.

పెద్దబ్బాయని దానమ్మ మొగుడు, దోనె తెచ్చాడు. నేను ఎక్కబోతే, "మీరొద్దండీ అమ్మగారూ, ఆ గోడ ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుందండీ" అన్నాడు.

"నువ్వు గోడని చూడు, పిల్లిని నే చూసుకుంటా" అని ఎక్కేశాను.

గట్టు మీంచి చౌడయ్య ఒకటే కేకలు: "పిల్లుల కోసం పేణాల మీదికి తెచ్చుకుంటావా వదినా!"

దూలం పట్టుకుని అటక ఎక్కాను. నూలు చిలపలు చుట్టలుగా పేర్చిన బుట్టలో తల్లి, నాలుగు కూనలు. కాల్చిన ఎండుచేప చూపిస్తే తల్లి దానివైపు చూడనైనా లేదు, నా చెయ్యి మాత్రం బరబరా గీరేసింది. ఇలా కాదని కూనల మీద దుప్పటి కప్పి, బుట్టతో సహా పెద్దబ్బాయికి అందించాను. తల్లి ఒక్క గెంతున వాటి వెనకే దోనెలో పడింది! నేనూ దిగి, పది బారలు వచ్చామో లేదో, గోడ దబ్బున కూలింది. గట్టంతా చప్పట్లేరా భావనా, నాకు!

చౌడయ్య బుట్టలోకి తొంగి చూశాడు. తొందరలో మరిచిపోయిన నూలు అది, కంట్రోలులో కార్డు మీద ఎన్నాళ్లకో దొరికింది. నీళ్లకు జడిసి ఎలకలన్నీ అటకెక్కినా, తల్లిపిల్లి ఉండబట్టి ఒక్క చిలప కొరకలేదు.

"దీన్ని నేనే పెంచుకుంటా వదినా."

"మరి శకునమో?"

"ఇంట్లోనే ఉంటే ఎదురేం వస్తదిలే!"

ఇంత సంబరంగా రాస్తూనే ఒక మాట ఆపుకుంటూ వచ్చాను. ఇక రాసేస్తాను. నీ ఏడో ఏట మన పిల్లి మల్లి పారిపోయిందని చెప్పాను కదూ. అది పారిపోలేదు నాయనా. మీ నాన్న బందరు బయల్దేరిన రోజు అది ఎదురొచ్చింది. ఆయన జ్వరంతో తిరిగొచ్చి పదో రోజున పోయారు. ఆ కసి కొద్దీ మల్లిని గోనెసంచిలో వేసి, కృష్ణ దాటించి, సీతానగరం ఒడ్డున వదిలేశాను. పడవ కదులుతుంటే అది నా కోసం ఒడ్డు వెంట పరుగెత్తింది. నువ్వు వారం రోజులు వాకిట్లో పాలగిన్నె పెట్టావు. చూస్తూ కూడా నేను నిజం చెప్పలేదు.

ఎవరు నవ్వినా నేను ఈ పని మానకపోవడానికి కారణం అదే. శౌరమ్మగారికి కూడా చెప్పలేదు, ముందు నీకే చెప్పాలని.

నీకిప్పుడు ముప్ఫై ఏళ్లు. అయినా ఆ ఏడేళ్లవాడికే చెబుతున్నాను, తప్పు నాది. కోపమొస్తే తిట్టి రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
నీ జవాబు కోసం వాకిట్లో కూర్చునే
మీ అమ్మ,
భద్రమ్మ