నాన్న సగంలో ఆపిన సాక్ష్యం

అల్లవరం,
ఆదివారం.

నా తల్లి రూతుకి, ప్రభువు పేరిట దీవించి మీ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేను, రెండు మేకలు, ఆ మేకల్ని రోజూ తిట్టే పక్కింటి భవానీదేవి, అందరం క్షేమం. కువైట్ ఎండలో నువ్వూ క్షేమమని తలుస్తాను. సెలవుకొచ్చిన మాణిక్యంగారి కోడలు రేపు తిరిగి వస్తోంది. కొబ్బరి లౌజుతో పాటు ఈ ఉత్తరం కూడా ఆమె సంచిలో పెడుతున్నాను. ఫోనులో చెప్పలేని మాట ఒకటుంది. అలాగని ముందే చివరి పేజీకి పోకు, చిన్నప్పటి నుంచీ నీకా బుద్ధి ఉంది.

నడుం నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది, మోకాలికి దిగింది. నాన్న సైకిలూ మైకూ ఎవరికైనా ఇచ్చేశావా అన్నావు. ఇవ్వలేదు, వసారాలోనే ఉన్నాయి. చర్చికి వెళ్తున్నావా అని కూడా అడిగావు. వెళ్తున్నాను గానీ నోరు విప్పి పాడటం లేదు. సువార్త చెబుతున్న మనిషిని మాట మధ్యలో తీసుకుపోయిన దేవుడి మీద నాకింకా కోపం పోలేదు. పాస్టరుగారికి చెప్పకు.

ప్రతి శుక్రవారం సాయంత్రం మీ నాన్న రేవుకి వెళ్ళి తన సాక్ష్యం చెప్పేవారు కదా. కుర్రతనంలో పడవ మీద వరదలో ఉన్న వైనతేయ నది దాటడం, కాలు జారి పడటం, ప్రభువు చెయ్యి అందించడం. నిద్రలో లేపి అడిగినా మనిద్దరం ఒప్పజెప్పగలం. రేవులో వాళ్ళు అప్పనపల్లి బాలాజీకి మొక్కుకునే వాళ్ళే అయినా కూర్చుని వినేవారు. చెప్పడం నా పని, ఆపైన వాళ్ళిష్టం అనేవారు ఆయన. ఆ చివరి శుక్రవారం, "పడవ అంచున నిలబడ్డాను, అప్పుడు నా కాలు..." అని ఆగి, మైకు పట్టుకునే కూలబడిపోయారు. ఇంతవరకూ నీకు తెలుసు.

తరవాత కొన్నాళ్ళకి చేపలమ్మే నాగదుర్గ వచ్చింది. గుమ్మం దాటలేదు.

"మెర్సీగారూ, ఎబినేజర్ గారి గొంతు వినపడతందండీ," అంది.

"మైకు ఇక్కడే ఉంది కదే," అన్నాను.

"మైకులోంచి కాదండీ, నీళ్ళ మీంచి. శుక్రవారం పొద్దుగూకేటప్పుడు మొదట్నుంచీ చెప్పుకొస్తారండీ. నా కాలు అని ఆగిపోతారు."

దీనికి మతి పోయిందనుకుంటూనే ఆ శుక్రవారం వెళ్ళాను. రేవులో ఒక్కరూ మాట్లాడటం లేదు. గాలి కూడా లేదు. పొద్దు వాలాక నది మీంచి గొంతు వచ్చింది. అదే దగ్గు, అదే "సోదరులారా". "అప్పుడు నా కాలు..." అన్నాక నీళ్ళ చప్పుడు కూడా ఆగింది. నాకు ఏడుపు రాలేదమ్మా, భయమేసింది. కట్టుకున్న మనిషి గొంతుకి భయపడ్డానని సిగ్గూ వేసింది.

నాగదుర్గ మొగుడు సత్యదుర్గారావు మాత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుని వింటున్నాడు. తెగులొచ్చి రొయ్యల చెరువంతా పోయిన దగ్గర్నుంచి అతను ఎవరితోనూ మాట్లాడడట.

"ఆ మిగతా మాట కోసమే ఆగేరండీ మా ఆయన," అంది నాగదుర్గ నా చెయ్యి పట్టుకుని. "వారం వారం ఇంకొంచెం లోతుకెళ్ళి కూచుంటన్నారు. పాస్టరుగారొచ్చి కాలు జారిందని చెప్పేరండీ. అది కాదన్నట్టు మా ఆయన తల అడ్డంగా ఊపేరు. మీకు తెలుసు కదండీ, వచ్చే శుక్రవారం మీరొచ్చి చెప్పండీ."

వస్తానన్నాను. వెళ్ళలేదు. జ్వరం వచ్చిన మాట నిజమే. రాకపోయినా వెళ్ళేదాన్ని కాదు. ఎందుకో చెబుతాను, ఎక్కడైనా కూర్చుని చదువు.

మీ నాన్న కాలు జారలేదు రూతూ. ఆయనే దూకారు. బతకాలని లేక దూకారు. పెళ్ళయిన కొత్తలో నాకొక్కదానికే చెప్పారు. "సంఘంలో తెలిస్తే నా మాట ఎవరు వింటారే మెర్సీ," అనేవారు. ఆయన పోయాక ఆయన పేరుకి మచ్చ రాకూడదని నేను మరీ గట్టిగా దాచాను.

నిన్న పొద్దున్నే నాగదుర్గ పీతలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఎంత బాగా చెప్పేరండీ! కాలు జారలేదు, ఆయనే దూకేరు, దూకినోణ్ణి కూడా వదల్లేదు ప్రభువు అన్నారు చూడండి, మా ఆయన లేచొచ్చి అన్నం పెట్టమన్నారండీ. చీకట్లో ఒడ్డుకి రాకుండానే ఎల్లిపోయేరేటండీ?"

శుక్రవారం నేను మంచం దిగలేదు. భవానీదేవి నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ పక్కనే ఉంది. కావాలంటే ఫోను చేసి అడుగు.

నిన్న సాయంత్రం నీరసంతోనే రేవుకి వెళ్ళాను. సత్యదుర్గారావు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. చెప్పింది నేను కాదయ్యా, అన్నాను.

"ఆయ్, తెలుసండీ," అన్నాడు తల ఎత్తకుండా. "గొంతు మీదేనండీ. కానీ నది మద్దెలో నిలబడి చెప్పేరు. పడవ లేదు, కాళ్ళకింద ఏదీ లేదు. నేను దిగిపోదామనుకున్న చోటదేనండీ."

అతను వల పక్కకి లాగి నాకు చోటిచ్చాడు. "ఈసారి ఒడ్డున కూచుని చెప్పండీ. మనిషి నోట ఇంటాను."

చెప్పాను. కోపం ఉండగానే చెప్పాను. నా కాలు అన్న చోట నా గొంతు కూడా ఆగిపోయింది. మీ నాన్న ఆ రోజు అక్కడ ఎందుకు ఆగారో అప్పుడర్థమైంది, ఆయన నిజం చెప్పబోయారు. ఆ నిజం నేను చెప్పాను. కోపమొస్తే నా మీద చూపించు తల్లీ, ఆయన మీద వద్దు. ఇక నుంచి శుక్రవారాలు నావి. నేను నోరు మూసుకుంటే నా బదులు ఏదో వెళుతుందని తెలిశాక ఇంట్లో కూర్చోలేను.

చెప్పడం ముగించగానే నీళ్ళ మీద ఎవరో దీర్ఘంగా ఊపిరి వదిలారు. సత్యదుర్గారావూ అటు చూడలేదు, నేనూ చూడలేదు.

ఇట్లు,
నీ క్షేమం కోరే
మీ అమ్మ మెర్సీ