మేడ్చల్ తీగకు చిలీ చుట్టం

ఇర్వింగ్, 9 సెప్టెంబరు 2007

తమ్ముడు యాదగిరికి, ఇక్కడ అమెరికాలో అందరం బాగున్నాం. నేను చేరింది వైన్ షాపే అయినా నా పని బిల్లు కొట్టడమే, చుక్క ముట్టనని అమ్మకు చెప్పు.

మొన్న మా ఓనర్ ఉమాకాంత్ గారు చిలీ దేశపు సీసా చూపించి, "వీళ్లు మార్చిలో హార్వెస్ట్ చేస్తారండీ, మనకి రివర్స్ సీజన్" అన్నారు. "మా మేడ్చల్‌ల కూడా మార్చిలనే కోస్తం సార్" అన్నాను. ఆయన నవ్వి, ఆ సీసాలోని ద్రాక్ష కథ చెప్పారు.

ఆ ద్రాక్ష పేరు కార్మెనేర్. పుట్టింది ఫ్రాన్సులో. అక్కడ పురుగు పట్టి అంతరించిందనుకున్నారట. అంతకుముందే ఎవరో చిలీకి తీసుకెళ్లిన కొమ్మలు మాత్రం వేరే ద్రాక్ష పేరుతో నూరేళ్లకు పైగా కాశాయి. చివరికి ఒకాయన చెట్టును చూసి గుర్తుపట్టాడట. ఆ తీగ ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

బోరులో నీళ్లున్నాయా? తోట ప్లాట్లకు ఇస్తున్నావని విన్నాను, కాదనను. పందిరి పీకేముందు మన అనాబ్‌షాహీ ద్రాక్ష కొమ్మలు నాలుగు ఇంటి వెనక నాటు. పిల్లలకు నా దీవెనలు. కొమ్మలకు పేరు చీటీ కట్టడం మరవకు, గుర్తుపట్టేవాడు రావడానికి నూరేళ్లు పట్టొచ్చు.

మీ అక్క
సులోచన